లాభం మిగలొచ్చు, పంచుకోకూడదు

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపించే ఫిఫా 2019 నుంచి 2022 వరకు నాలుగేళ్లలో 750 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం చూపించింది. టీవీ హక్కులు, స్పాన్సర్లు, టికెట్లు, ఇలా అన్ని వైపుల నుంచీ వచ్చిన సొమ్ము అది. చాలా పెద్ద కంపెనీలకు కూడా తీసిపోని ఆదాయం. అయినా చట్టం దృష్టిలో ఫిఫా కంపెనీ కాదు. స్విట్జర్లాండ్ సివిల్ కోడ్ కింద ఏర్పడిన ఒక సంఘం, అంటే లాభాపేక్ష లేని సంస్థ. పదిమంది తలా కొంత వేసుకుని ఉచితంగా నడిపే చిన్న గ్రంథాలయం కూడా లాభాపేక్ష లేని సంస్థే. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం చాలామందికి మింగుడుపడదు. ఎక్కడో ఏదో మోసం ఉందనిపిస్తుంది.

అలా అనిపించడం సహజమే. లాభాపేక్ష లేని సంస్థ అనగానే మనసులో మెదిలేది సేవాసంస్థ. విరాళాలతో నడిచేది, జీతం తీసుకోని మనుషులు పనిచేసేది, ఏడాది చివర ఖాతాలో ఏమీ మిగలనిది, పన్ను కట్టనిది. ఈ లక్షణాలన్నీ ఎన్నో సంస్థల్లో నిజంగానే కనిపిస్తాయి. కానీ వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా సంస్థ లాభాపేక్ష లేనిదిగానే ఉండగలదు. విరాళాల కన్నా ఫీజుల మీదే ఎక్కువగా ఆధారపడే విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు ఉన్నాయి. వేలమందికి నెలనెలా జీతాలిచ్చేవి ఉన్నాయి. హార్వర్డ్ విశ్వవిద్యాలయం మూలనిధి 2024లో 5,300 కోట్ల డాలర్లు దాటింది, అదీ లాభాపేక్ష లేని సంస్థే. ఇన్ని రకాల సంస్థలను ఒక్క గొడుగు కిందికి తెచ్చే గుణం ఇంకేదో ఉండాలి.

హెన్రీ హాన్స్‌మన్ అనే న్యాయశాస్త్ర పండితుడు 1980లో యేల్ లా జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఆ గుణమేమిటో సూటిగా చెప్పారు. ఖర్చులు పోగా మిగిలిన డబ్బును సంస్థ మీద అదుపు ఉన్నవాళ్లకు, అంటే సభ్యులకో, డైరెక్టర్లకో, అధికారులకో, ట్రస్టీలకో పంచిపెట్టకూడదన్న నిషేధమే ఆ గుణం. సంస్థ సంపాదించవచ్చు. మిగుల్చుకోవచ్చు. పంచుకోకూడదు, అంతే. మిగిలినదంతా సంస్థ ఏ పని కోసం పుట్టిందో ఆ పనికే తిరిగి వెళ్లాలి. ఈ రంగం మీద ఆ తర్వాత జరిగిన చర్చలో చాలా భాగం ఈ నిషేధం చుట్టూనే తిరిగింది. ఒప్పుకున్నవాళ్లూ దీని నుంచే మొదలుపెట్టారు, విభేదించినవాళ్లూ దీని నుంచే మొదలుపెట్టారు.

మిగులు తప్పు కాదు

పైసా మిగలకుండా ఖర్చుపెట్టే సంస్థే నిజాయితీ గలదని నమ్మే దాతలు చాలామంది ఉన్నారు. సంస్థలకు తీవ్రంగా హాని చేసే నమ్మకం ఇది. విరాళాలు ఒక నెల వస్తాయి, ఒక నెల రావు. గ్రాంటు మంజూరైనా చేతికి అందేసరికి ఆలస్యమవుతుంది. ఈలోపు జీతాలు, అద్దె, మందుల ఖర్చు ఆగవు. వరదో భూకంపమో వచ్చిన రోజునే మనుషుల్ని పంపాల్సిన సహాయ సంస్థ, విరాళాల కోసం పిలుపిచ్చి డబ్బు వచ్చేదాకా కూర్చుంటే అది ఉండీ ఉపయోగం లేదు. అందుకే కొన్ని నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉంచుకోవడాన్ని మంచి నిర్వహణగానే చూడాలి.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త భవనం కట్టాలన్నా, ఖరీదైన యంత్రం కొనాలన్నా కంపెనీ అయితే వాటాలు అమ్మి పెట్టుబడి తెచ్చుకుంటుంది. లాభంలో భాగం ఇవ్వలేని సంస్థ వాటాలను పెట్టుబడిదారులు ఎందుకు కొంటారు? కాబట్టి దీనికి ఉన్న దారులు విరాళం, గ్రాంటు, అప్పు, సొంత మిగులు. ఆ లెక్కన మిగులు అవసరం కంపెనీ కన్నా దీనికే ఎక్కువ.

అలాగని ఎంతైనా పోగేసుకుంటూ పోవచ్చా అంటే అది వేరే చర్చ. కోట్లు కూడబెట్టి, చేయాల్సిన పని మాత్రం చేయని సంస్థ పంపిణీ నిషేధాన్ని దాటకపోవచ్చు, కానీ తాను పుట్టిన కారణాన్నే మరిచిపోయినట్టు. అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా తమ పెట్టుబడి ఆస్తుల విలువలో సుమారు 5 శాతం దాతృత్వ పనులకు ఖర్చు చేయాలన్న నియమం ఈ భయంతోనే వచ్చింది. డబ్బు ఎవరి జేబులోకీ పోకపోవడం ఒక్కటే చాలదు, అది పనికి కూడా పోవాలి అన్నది ఆ నియమం వెనక ఉన్న ఆలోచన.

చట్టాలు ఎలా చెబుతున్నాయి

హాన్స్‌మన్ ఈ నిషేధాన్ని కొత్తగా కనిపెట్టలేదు, అప్పటికే చట్టాల్లో ఉన్నదాన్ని నిర్వచనానికి కేంద్రంగా నిలబెట్టారు. ఫ్రాన్స్‌లో 1901 జులై 1 నాటి చట్టం మొదటి అధికరణంలోనే, లాభాలు పంచుకోవడం కాకుండా మరో ఉద్దేశంతో మనుషులు కలిసి పెట్టుకునేదే సంఘం అని చెప్పింది. భారత్‌లో 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద నమోదైన కంపెనీ తన సభ్యులకు డివిడెండు, అంటే లాభంలో వాటా, ఇవ్వకూడదు. అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) నిబంధన, సంస్థ నికర ఆదాయంలో ఏ భాగమూ ఏ ప్రైవేటు వాటాదారుకూ, ఏ వ్యక్తికీ లాభంగా చేరకూడదంటుంది. భాషలు వేరు, న్యాయ సంప్రదాయాలు వేరు, గీత మాత్రం దాదాపు ఒకే చోట పడింది.

వీటన్నిటికన్నా ముందు వచ్చిన భారత సొసైటీల నమోదు చట్టం, 1860 నాటిది, ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని 14వ సెక్షన్ ప్రకారం సొసైటీ మూతపడినప్పుడు అప్పులు తీర్చగా మిగిలిన ఆస్తి సభ్యులకు పోకూడదు, మరో సొసైటీకి చేరాలి. చాలామంది చదవకుండా వదిలేసే నిబంధన ఇది. కానీ ఇది లేకపోతే మిగతా నిషేధమంతా గాలిలో దీపమే. సంస్థ బతికున్నంతకాలం పంచుకోకుండా ఉండి, మూసేసే రోజున అంతా పంచుకుంటే అది వాయిదా వేసిన డివిడెండు తప్ప మరొకటి కాదు. అందుకే మిగులు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను సంస్థ నడుస్తున్న రోజులకే పరిమితం చేయకుండా దాని ముగింపు దాకా తీసుకెళ్లాలి.

ఈ సూత్రం ఎంత బరువైనదో 1996లో బ్లూ క్రాస్ ఆఫ్ కాలిఫోర్నియా విషయంలో తెలిసింది. లాభాపేక్ష లేని ఆరోగ్య బీమా సంస్థగా దశాబ్దాలపాటు నడిచి, అది లాభాల కంపెనీగా మారింది. అన్నాళ్లూ కూడిన ఆస్తి ఎవరిది? కొత్త వాటాదారులు దాన్ని ఊరికే పట్టుకుపోవడానికి వీల్లేదని ప్రజల పక్షాన గట్టిగా వాదన వచ్చింది. చివరికి 300 కోట్ల డాలర్లకు పైగా విలువ రెండు కొత్త ఫౌండేషన్లకు చేరింది. ఒకటి కాలిఫోర్నియా ఎండోమెంట్, రెండోది కాలిఫోర్నియా హెల్త్ కేర్ ఫౌండేషన్. సంస్థ రూపం మారవచ్చు గానీ ఆ ఆస్తి మీద ప్రజలకున్న హక్కు రూపంతో పాటు ఆవిరైపోదని ఆ వ్యవహారం తేల్చింది.

జీతమా, పంపకమా

పంచుకోకూడదంటే పనిచేసినవాళ్లకు డబ్బివ్వకూడదని కాదు. డాక్టరుకు, అకౌంటెంటుకు, డ్రైవరుకు, సంస్థను నడిపే అధికారికి చేసిన పనికి తగ్గ జీతం ఇవ్వవచ్చు. నిజానికి ఇవ్వాలి కూడా. సేవ పేరు చెప్పి ఉద్యోగులను అరకొర జీతాలతో నెట్టుకురమ్మనడం ఏ నిర్వచనంలోనూ లేదు. జీతానికీ లాభానికీ తేడా ఏమిటంటే, జీతం చేసిన పనికి ముందే ఒప్పుకున్న ప్రతిఫలం. లాభం అలా కాదు. అన్ని ఖర్చులూ పోగా మిగిలినది ఎంతైతే అంత నాది అనే హక్కు అది. లాభాపేక్ష లేని సంస్థలో లేనిది ఈ హక్కే.

కాగితం మీద ఈ తేడా స్పష్టంగానే ఉంటుంది. ఆచరణలో మసకబారేది జీతం మితిమీరినప్పుడు. మిగులు ఎంత ఉంటే అంతకు తగ్గట్టు అధ్యక్షుడి జీతం పెంచుకుంటూ పోతే, పేరుకు జీతమైనా అది పంపకమే. యునైటెడ్ వే ఆఫ్ అమెరికా అనే సేవాసంస్థకు అధ్యక్షుడిగా దీర్ఘకాలం పనిచేసిన విలియం అరమోనీ 1992లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. సంస్థ డబ్బును సొంత విలాసాలకు వాడుకున్నారన్న కేసులో 1995లో కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. అప్పటిదాకా అమెరికా పన్ను అధికారుల చేతిలో ఉన్న ప్రధాన ఆయుధం సంస్థకున్న పన్ను మినహాయింపును రద్దు చేయడం. తప్పు చేసింది ఒకరు, శిక్ష పడేది సంస్థ మీద ఆధారపడిన వేలమందికి. 1996లో తెచ్చిన సవరణ దీన్ని సరిదిద్దింది. మితిమీరి లబ్ధి పొందిన వ్యక్తి ఆ అదనపు మొత్తాన్ని వెనక్కి కట్టాలి, దాని మీద 25 శాతం పన్ను కూడా కట్టాలి. గడువులోపు సరిచేయకపోతే అదనంగా మరో 200 శాతం పన్ను పడుతుంది. తెలిసి తెలిసి దానికి ఆమోదం తెలిపిన పాలకవర్గ సభ్యుల మీదా పన్ను పడుతుంది.

ఎందుకు ఇంత కట్టుదిట్టం

లాభం ఆశ చూపితేనే మనుషులు బాగా పనిచేస్తారని ఆర్థికశాస్త్రం చాలాకాలంగా చెబుతున్నప్పుడు, ఆ ఆశనే తీసేసిన సంస్థలు ఎందుకు పుట్టాయి, ఎలా నిలబడ్డాయి? ఈ ప్రశ్నకు హాన్స్‌మన్ ఇచ్చిన జవాబు నమ్మకం. కొన్న వస్తువు బాగుందో లేదో మనమే చూసుకోగలిగినప్పుడు అమ్మేవాడి లాభాపేక్ష మనల్ని పెద్దగా బాధించదు. నచ్చకపోతే మళ్లీ అక్కడ కొనం. కొన్ని విషయాల్లో అలా చూసుకోవడం కుదరదు. దూరదేశంలో కరువుతో ఉన్న పిల్లలకు తిండి పెట్టమని ఒకరు డబ్బు పంపారనుకుందాం. తిండి అందిందో లేదో పంపినవారు చూడరు. తిన్న పిల్లలకు డబ్బు ఎవరు పంపారో తెలియదు. డబ్బు ఇచ్చేది ఒకరు, సేవ పొందేది మరొకరు. మధ్యలో ఉన్న సంస్థకు తగ్గించి పెట్టి తేడా మిగుల్చుకునే అవకాశం ఎంతైనా ఉంది.

మతిమరుపుతో ఉన్న వృద్ధులను చూసుకునే ఆశ్రమాల్లోనూ, పసిపిల్లలను ఉంచే క్రెష్‌లలోనూ ఇదే చిక్కు. సేవ పొందేవారు ఫిర్యాదు చేయలేరు, డబ్బు కట్టేవారు రోజంతా పక్కన ఉండి చూడలేరు. ఆసుపత్రుల విషయంలో ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1963లోనే ఈ దిశగా రాశారు. వైద్యుడికి తెలిసినంత రోగికి తెలియదు కాబట్టి, లాభం కోసం నడుస్తోందన్న మాటే రోగిలో అనుమానం రేపుతుందన్నది ఆయన గమనింపు. ఇలాంటి చోట్ల పంపిణీ నిషేధం ఒక హామీగా పనిచేస్తుంది. నాణ్యత తగ్గించి మిగుల్చుకున్నా ఆ మిగులు ఇంటికి పట్టుకుపోయే దారి లేనప్పుడు, తగ్గించాలన్న కోరిక కూడా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని కాదు. సోమరితనం, పట్టింపులేనితనం, పేరు కోసం పాకులాట మిగిలే ఉంటాయి. కానీ దోచుకోవడానికి ఉన్న అన్నిటికన్నా బలమైన కారణం తొలగిపోతుంది.

ఆర్థికవేత్త బర్టన్ వైస్‌బ్రాడ్ 1970లలో మరో కోణం చూపించారు. ప్రభుత్వాలు ఎక్కువమంది ఓటర్లు కోరేది, కోరినంత మేరకే అందిస్తాయి. అరుదైన జబ్బున్నవారికో, చిన్న భాషా సమూహానికో, మెజారిటీకి పట్టని అవసరం ఉన్నవారికో ఏమీ మిగలదు. ఆ ఖాళీని నింపడానికి మనుషులు సొంతంగా సంస్థలు పెట్టుకుంటారు. ఈ రెండు వివరణలూ పోటీ పడేవి కావు. ఎందుకు అవసరం వచ్చిందో వైస్‌బ్రాడ్ చెబుతారు, ఆ అవసరానికి ఈ రూపమే ఎందుకు సరిపోయిందో హాన్స్‌మన్ చెబుతారు.

యజమాని లేని ఆస్తి

మిగులు మీద ఎవరికీ హక్కు లేదంటే, పూర్తి అర్థంలో ఆ సంస్థకు యజమాని లేనట్టే. ఈ సంగతిని స్థాపకులే తరచూ మరిచిపోతారు. నేను పెట్టాను, నా కష్టం, నా డబ్బు, కాబట్టి నాది అంటారు. పెట్టినవారే కావచ్చు, ఇరవై ఏళ్లు రక్తం ధారపోసినవారే కావచ్చు. నమోదైన మరుక్షణం నుంచి ఆ ఆస్తి సంస్థ లక్ష్యానికి చెందుతుంది. అమ్ముకోవడానికి, పిల్లలకు రాసివ్వడానికి అది వ్యక్తిగత ఆస్తి కాదు. పాలకవర్గం దానికి కాపలాదారు మాత్రమే.

అయితే కాపలాదారును కాపలా కాసేదెవరు? కంపెనీలో నష్టపోయిన వాటాదారు ఊరుకోడు. ఇక్కడ దాత ఇచ్చి వెళ్లిపోతాడు. సేవ పొందేవారికి చాలాచోట్ల దావా వేసే హక్కు కూడా ఉండదు. ఈ లోటు పూడ్చడానికే ఇంగ్లండ్‌లో 1853లో దాతృత్వ సంస్థలను పర్యవేక్షించే చారిటీ కమిషన్ ఏర్పడింది. అమెరికా రాష్ట్రాల్లో ప్రజల తరఫున ఈ ఆస్తులను కాపాడే బాధ్యత అటార్నీ జనరల్ మీద ఉంటుంది. పన్ను మినహాయింపు పొందిన సంస్థల్లో చాలావరకు ఏటా పన్ను అధికారులకు దాఖలు చేసే ఫారం 990ని ఎవరడిగినా చూపించాలి. అందులో ముఖ్య అధికారుల జీతాలు కూడా ఉంటాయి. యజమాని లేనిచోట ఆ వెలుతురే కాస్త యజమాని పని చేస్తుంది. ఇవన్నీ ఉన్నా, బలహీనమైన పాలకవర్గం చేతిలో పడిన సంస్థను బయటి అధికారి కాపాడిన సందర్భాలు తక్కువ, ఆలస్యంగా వచ్చి శిథిలాలు లెక్కపెట్టిన సందర్భాలే ఎక్కువ. ఈ రూపంలో ఉన్న అసలు బలహీనత ఇదే, దీన్ని దాచిపెట్టడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

గీత దగ్గర నిలబడ్డవి

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు లెస్టర్ సాలమన్, హెల్ముట్ అన్‌హయర్ 1990లలో అనేక దేశాల సంస్థలను పోల్చడానికి ఐదు కొలతలు పెట్టుకున్నారు. ఒక నిర్మాణం ఉండాలి, ప్రభుత్వంలో భాగం కాకూడదు, లాభాలు పంచకూడదు, తన పాలన తానే చూసుకోవాలి, చేరడం స్వచ్ఛందంగా ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2003లో జాతీయ గణాంకాల కోసం వెలువరించిన మార్గదర్శి కూడా దాదాపు ఇదే దారి పట్టింది. ఇందులో రెండో కొలత చూడటానికి తేలిక, వాడటానికి కష్టం. నిధుల్లో సింహభాగం ప్రభుత్వం నుంచి వచ్చినా సంస్థ ప్రైవేటుదే కావచ్చు. వివిధ దేశాల్లోని జాతీయ రెడ్‌క్రాస్ సొసైటీలకు మానవతా పనుల్లో తమ ప్రభుత్వాలకు తోడ్పడే బాధ్యత ఉంది, అయినా వాటి నిర్ణయాలు అవే తీసుకోవాలన్నది ఆ ఉద్యమపు మౌలిక సూత్రం. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది అంత ముఖ్యం కాదు. పాలకవర్గాన్ని ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగించగలరు అన్నదే తేల్చాలి.

సహకార సంఘాల దగ్గర వాదన ఇంకా గట్టిది. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో మొదలైన సహకార దుకాణం మిగిలిన డబ్బును సభ్యులకు వారి కొనుగోళ్ల నిష్పత్తిలో తిరిగిచ్చింది. ఆశయం గొప్పది, పేదల చేతికి బలమిచ్చింది. కానీ పంచింది కదా. అందుకే సాలమన్ బృందపు నిర్వచనంలో సహకార సంఘాలకు చాలావరకు చోటు దక్కలేదు. ఐరోపా పరిశోధకులు దీన్ని తప్పుపట్టారు. పెట్టుబడికి ప్రతిఫలం ఇవ్వడం వేరు, సభ్యులు ఎక్కువ కట్టింది వాళ్లకే తిరిగివ్వడం వేరు అన్నారు. ఆ వాదనలో పస ఉంది. ఐక్యరాజ్యసమితి 2018లో ఆ మార్గదర్శిని సవరించినప్పుడు, పంపిణీని గట్టిగా పరిమితం చేసుకున్న సంస్థలను కూడా దగ్గరి బంధువులుగా పక్కన చేర్చింది. దగ్గరి బంధువులు అనడమే సబబు. సహకార సంఘం తన సభ్యుల కోసం ఉంటుంది, వాళ్లకు జవాబు చెబుతుంది. బయటివారి డబ్బు తీసుకుని ఇంకెవరికో ఖర్చుపెట్టే సంస్థకు ఉండాల్సిన కట్టుబాటు వేరు. రెంటినీ కలిపేస్తే దాతకు ఉన్న ఆ ఒక్క హామీ పలచబడుతుంది.

లాభాపేక్ష లేని సంస్థ చేతిలో లాభాల కంపెనీ ఉండటం కూడా వింతేమీ కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా కార్పొరేషన్ 2005లో ఏర్పడిన, పన్ను కట్టే కంపెనీ. దాని యజమాని లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్. జర్మనీలో బాష్ కంపెనీ మూలధనంలో సుమారు 94 శాతం రాబర్ట్ బాష్ ఫౌండేషన్‌దే, కానీ వ్యాపార నిర్ణయాల్లో ఓటు మాత్రం ఇంచుమించు పూర్తిగా వేరే ట్రస్టు చేతిలో ఉంది. లాభం ఒకచోటికి, అధికారం మరోచోటికి వెళ్లేలా కావాలనే విడదీశారు. ఇలాంటి ఏర్పాటు మంచిదా కాదా అన్నది కంపెనీ నుంచి పైకి వచ్చే డబ్బు నిజంగా ప్రజాప్రయోజనానికి చేరుతోందా, లేక కంపెనీని పన్నుల నుంచో, బయటివారు కొనేయకుండానో కాపాడే గోడగా మిగిలిపోతోందా అన్నదాని మీద ఆధారపడుతుంది.

పన్ను మినహాయింపు వేరే సంగతి

లాభాపేక్ష లేకపోవడాన్నీ, పన్ను మినహాయింపునూ ఒకటే అనుకోవడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గందరగోళం. మొదటిది సంస్థ నిర్మాణం, రెండోది ప్రభుత్వం ఇచ్చే రాయితీ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు 1923 నుంచి లాభాపేక్ష లేని కార్పొరేషన్. లక్షల మంది అభిమానుల దగ్గర దాని వాటాలున్నాయి, ఒక్కరికీ డివిడెండు రాదు. అయినా ఆ జట్టు పన్ను కడుతుంది. అదే ఆటను నడిపే లీగు, ఎన్ఎఫ్ఎల్, వ్యాపార సంఘాల కోటాలో చాలాకాలం పన్ను మినహాయింపు అనుభవించి 2015లో దాన్ని వదులుకుంది. రెంటికీ పంపిణీ నిషేధం ఉన్నా, పన్ను విషయంలో ఎటువైపు పడతాయన్నది వేరే నిబంధనలు తేల్చాయి.

ఆ నిబంధనలు అడిగేది సంస్థ లక్ష్యం గురించి. ఇంగ్లండ్‌లో 1601 నాటి చట్టం పీఠికలో దాతృత్వ పనుల జాబితా ఉంది. వృద్ధులకు, నిస్సహాయులకు, పేదలకు సాయం, గాయపడ్డ సైనికుల పోషణ, పాఠశాలల నిర్వహణ, వంతెనల, రహదారుల మరమ్మతు, పేద అమ్మాయిల పెళ్లిళ్లు, బందీల విడుదల కూడా అందులో ఉన్నాయి. 1891లో పెమ్సెల్ కేసులో న్యాయమూర్తి లార్డ్ మక్నాటన్ దాన్ని నాలుగు శీర్షికల కింద సర్దారు: పేదరిక నివారణ, విద్య, మతం, సమాజానికి మేలు చేసే ఇతర పనులు. ఇంగ్లిష్ చట్టం ప్రభావం ఉన్న ఎన్నో దేశాల్లో ఈ వర్గీకరణ ఛాయలు నేటికీ కనిపిస్తాయి. లక్ష్యం ఎంత ఉదాత్తమైనా ఈ చట్రంలో ఇమడకపోతే రాయితీ లేదు. మానవ హక్కుల కోసం పనిచేసే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఏర్పాటుచేసిన ట్రస్టు 1981లో ఇంగ్లండ్ కోర్టులో ఇలాగే ఓడిపోయింది. విదేశీ ప్రభుత్వాల చట్టాలను, విధానాలను మార్చమని ఒత్తిడి తేవడం రాజకీయ లక్ష్యమే గానీ దాతృత్వం కాదని తీర్పు వచ్చింది. ఖైదీలను చిత్రహింసల నుంచి కాపాడే పని కన్నా మానవత్వంతో కూడిన పని ఏముంటుందని ఎవరైనా అడుగుతారు. పన్ను చట్టం గీసే గీతకూ మనం మంచి అనుకునేదానికీ మధ్య దూరం ఉందనడానికి ఇంతకన్నా బాధపెట్టే ఉదాహరణ దొరకడం కష్టం.

వ్యాపారం చేస్తే ఏమవుతుందన్నదీ పన్ను చట్టం విడిగా తేల్చుకున్న విషయమే. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల కోసం 1940లలో మకరోనీ తయారుచేసే ముల్లర్ కంపెనీని సంపాదించారు. లాభమంతా చదువుకే వెళ్తుంది కాబట్టి పన్ను ఉండదన్నది ఆలోచన. పోటీ కంపెనీలు పన్ను కడుతుంటే ఇది మాత్రం కట్టకపోవడమేమిటన్న గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1950లో చట్టం మారింది. సంస్థ అసలు లక్ష్యంతో సంబంధం లేని వ్యాపారం మీద వచ్చే ఆదాయానికి అప్పటి నుంచి పన్ను పడుతోంది. గమనించాల్సింది ఏమిటంటే, వ్యాపారం చేయడాన్ని చట్టం నిషేధించలేదు, సంస్థ లాభాపేక్ష లేని హోదాను కూడా తీసేయలేదు. పన్ను మాత్రం కట్టమంది.

లోపలి నుంచి కారిపోయే దారులు

డివిడెండు పేరుతో డబ్బు పంచుకునే సంస్థ దాదాపు ఎక్కడా కనిపించదు. నిషేధాన్ని దాటేవాళ్లు పక్క తలుపులు వాడతారు. స్థాపకుడి సొంత భవనాన్ని సంస్థకు మార్కెట్ కన్నా రెండింతలు అద్దెకు ఇవ్వడం, బంధువుల కంపెనీ నుంచే సామాన్లు కొనడం, ట్రస్టీకి వడ్డీ లేని అప్పు ఇవ్వడం, పని లేని ఉద్యోగంలో ఇంటివాళ్లను కూర్చోబెట్టడం, నిర్వహణ కాంట్రాక్టు పేరుతో మిగులు మొత్తాన్ని ఒక ప్రైవేటు కంపెనీకి మళ్లించడం. కాగితాల్లో ఇవన్నీ ఖర్చులే. ఫీజులు బాగా వచ్చే విద్యాసంస్థల్లో, ఆసుపత్రుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే అక్కడ డబ్బు నిలకడగా వస్తుంది, అనుమానంతో అడిగే దాత ఉండడు.

కాబట్టి ఒక సంస్థ నిజంగా లాభాపేక్ష లేనిదా అని తెలుసుకోవాలనుకునేవారికి పరిపాలన ఖర్చు ఎంత శాతం అన్న లెక్క పెద్దగా ఉపయోగపడదు. ఆ శాతం తక్కువగా ఉండటం మంచి ఆడిటర్ లేకపోవడం వల్ల కూడా కావచ్చు. ముందు నియమావళిలో మూసివేత నిబంధన చూడాలి, మిగిలిన ఆస్తి ఎవరికి చేరుతుందో, ఆ నిబంధనను పాలకవర్గం తనంతట తాను మార్చేసుకోగలదో లేదో. తర్వాత పాలకవర్గంలో ఒకే కుటుంబం వాళ్లు, సంస్థ నుంచి జీతం తీసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడాలి. ఆడిట్ నివేదిక దొరికితే చివరి పేజీల్లో ‘సంబంధిత పక్షాలతో లావాదేవీలు’ అనే నోట్ కోసం వెతకాలి. పాలకవర్గ సభ్యులకూ, వారి బంధువులకూ, వారి కంపెనీలకూ ఆ ఏడాది సంస్థ కట్టిన అద్దెలు, ఇచ్చిన అప్పులు, కొన్న సరుకులు కనిపించాల్సిన చోటు అదే.